నలభై ఐదు మీద తిరిగిన ప్లేటు

పోయిన నెల ఒక మిత్రుడి ఇంటికి వెళ్ళాను. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆయనకు పాత రికార్డుల పిచ్చి పట్టుకుంది. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి ఒక ఇంగ్లీషు బ్యాండు వాళ్ళ ఎల్పీ ప్లేటు వేశాడు. ఆ బ్యాండు పేరు ఇక్కడ రాయను. రాస్తే దాని గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు పదిమంది ఉత్తరాలు రాస్తారు. వాళ్ళు పాడిన పాటల్లో లోకమంతా మోగిపోయినవి ఏరి ఒకచోట చేర్చిన ప్లేటు అది. మొదటి పాట సగం కాకముందే నేను, మిషను కాస్త నిదానంగా తిరుగుతున్నట్టుంది చూసుకోమన్నాను. ఆయన మిషను వంక చూడలేదు, నా వంక చూశాడు. ప్లేటు సరిగ్గానే తిరుగుతోందనీ, ఆ పాట ఎక్కడ వేసినా ఇట్లాగే వినపడుతుందనీ చెప్పాడు.

నేను ఒప్పుకున్నాను గానీ నా చెవులు ఒప్పుకోలేదు. ఆ పాట నేను మొట్టమొదట విన్నది గూడూరులో, అరవైల చివర్లో, నిమ్మకాయల మార్కెట్టు పక్కసందులో ఉండే ఒక మైకుసెట్టు అంగట్లో. అక్కడ అది వారం రోజులపాటు ఇంతకంటే చాలా హుషారుగా పాడింది. అది అట్లా పాడటానికి కారణం నేనే. మిత్రుడు రెండో వైపు తిప్పేసరికి నేను ఆ ఇంట్లో లేను, గూడూరులో ఆ అంగడాయన ముందు కూర్చుని ఉన్నాను.

ఆయన పేరు కూడా రాయను. దీనికి కారణం వేరు. ఆ రోజుల్లో మైకుసెట్టు పెట్టుకున్నవాళ్ళు గొట్టాల మీదా, పెట్టెల మీదా తమ పేరు ఎర్ర రంగుతో పెద్దపెద్ద అక్షరాల్లో రాయించుకునేవాళ్ళు. ఈయన సామాను మీద ఒక్క అక్షరం ఉండేది కాదు. పెళ్ళిలో కనపడాల్సినవి రెండే పేర్లనీ, మూడో పేరు దేనికనీ అనేవాడు. ఊరంతా మైకుసెట్టాయన అనేది. నేను అన్నా అని పిలిచేవాణ్ణి.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కోవూరులో మా నాయన వరి మడి తప్ప ఇంకో లోకం చూడని మనిషి. ఆయన కొడుకునైన నేను బి.ఏ. చదివి, గూడూరులో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరాను. మైకుసెట్టు అంగడి మేడ మీద గది తీసుకున్నాను. ఇంగ్లీషు టీచరంటే ఆ వీధిలో ఎంత గౌరవమో చూసి నాకే ఆశ్చర్యం వేసింది. తంతి వచ్చిందంటే నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. మందుసీసా మీద ఏం రాసి ఉందో నేనే చెప్పాలి. తెలిసినవి చెప్పేవాణ్ణి. తెలియనివి ఇంకాస్త గట్టిగా చెప్పేవాణ్ణి.

మైకుసెట్టాయన పొట్టి మనిషి. చొక్కా జేబులో గొలుసు లేని గడియారం ఒకటి ఉండేది. ఏ ప్లేటు ఎంతసేపు పాడుతుందో ఆయనకు దాంతో పనిలేకుండానే తెలుసు, అయినా చూసుకునేవాడు. ప్లేట్లు తుడవడానికి వాళ్ళావిడ పాత పట్టురవిక చేతులు కత్తిరించి పెట్టుకున్నాడు. రవికకు చేతులేవని ఆమె అడిగితే, అవి నీకంటే ఎక్కువ పెళ్ళిళ్ళు చూస్తున్నాయిలే అన్నాడట. ఆమె అది చెప్పుకుని చెప్పుకుని నవ్వేది.

ఎక్కడికైనా సెట్టు తీసుకుపోతే ఆయన ముందు గొట్టాలు కట్టేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాడు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, ఇంట్లో జ్వరంతో పడుకున్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారా, పురిటి మనిషి ఉందా, పరీక్షకు చదువుకునే పిల్లలున్నారా అని అడిగేవాడు. అవన్నీ తెలుసుకున్నాక ఏ గొట్టం ఎటు తిప్పాలో తేల్చుకునేవాడు. ఒకసారి పెళ్ళివారి పక్కింట్లోనే పచ్చి బాలింతరాలు ఉంటే, రెండు గొట్టాలూ పొలాల వైపు తిప్పి కట్టాడు. ఆ పెళ్ళిపాటలు కొంగలు విన్నాయి. పెళ్ళివారు కోపగించుకుంటే, పాట మీరు వినకపోయినా పెళ్ళి అవుతుంది, ఆ బిడ్డ నిద్రపోకపోతే తల్లి ఏం కావాలన్నాడు.

మైకు పరీక్ష చెయ్యడానికి అందరూ హలో అంటారు. ఈయన అనేవాడు కాదు. హలో అని పిలిచాక ఎవరో ఒకరు పలకాలి గదా, పలక్కపోతే పిలిచినవాడికి అవమానం గదా అని ఆయన బాధ. అందుకని రైలు స్టేషన్ల పేర్లు చదివేవాడు. మగపెళ్ళివారు ఏ ఊరి నుంచి వస్తుంటే ఆ ఊరి దాకా వరసగా చదివి ఆగేవాడు. వెందోడు, నాయుడుపేట, సూళ్ళూరుపేట అని గొట్టంలోంచి వినపడిందంటే పెళ్ళికొడుకుది సూళ్ళూరుపేటని ఊరంతటికీ తెలిసిపోయేది. కావలి సంబంధమైతే బండి అటువైపు తిరిగేది.

పాటల వరస విషయంలో మాత్రం ఆయన మొండి మనిషి. ఎంత గొప్ప ఇంటి పెళ్ళయినా, మంచి పాట ఒకటి వేశాక తప్పనిసరిగా ఒక మామూలు పాట వేసేవాడు. ఎవరూ గుర్తుపెట్టుకోని పాటల ప్లేట్లు ఆయన దగ్గర ఒక పెట్టెడు ఉండేవి. వాటిని కావాలని కొనేవాడు. ఇంత చెత్త ఎందుకన్నా అని ఒకరోజు నేను వెటకారంగా అడిగాను.

"మంచి పాట వస్తే జనం మాట్లాడుకోరు సార్. నోరు మూసుకుని వింటారు. పెళ్ళంటే చుట్టాలు మాట్లాడుకోవాల గదా. పదేళ్ళకు ఎదురుపడినోళ్ళు ఉంటారు. వాళ్ళకు కాస్త సందు ఇయ్యాల" అన్నాడు.

ఇంకొకటి చెప్పాలి, అది లేకపోతే ఈ కథే లేదు. ఆయన మిషనుకు నాలుగు వేగాలు ఉండేవి. పాత బరువు ప్లేట్లకు నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు, కొత్తగా వస్తున్న చిన్న ప్లేట్లకు నలభై ఐదు. ఈ రెండింటితోనే ఆయన పని గడిచిపోయేది. మిగిలిన రెండు వేగాలతో ఎప్పుడూ అవసరం పడలేదు. కొన్న కొత్తల్లో ఒక పెళ్ళిలో ఎవరిదో చెయ్యి తగిలి మీట జరిగి, సరిగ్గా తాళి కట్టే వేళకు పాట శోకాలు పెట్టినట్టు సాగిందట. ఆ మర్నాడే ఆయన ఆ రెండు అంకెల మీదా ఆస్పత్రి ప్లాస్టరు దళసరిగా అంటించేసి, మీట అటు పోకుండా చేసేశాడు. నేను చూసేనాటికి ఆ ప్లాస్టరు నల్లబడి మిషనులో కలిసిపోయి ఉంది. దాని కింద ఏ అంకెలున్నాయో చూద్దామని నాకెప్పుడూ తోచలేదు.

మార్కెట్టులో ఒక మండీ యజమాని ఉండేవాడు. పెద్దాయన అంటే అక్కడ ఆయనే. ఆయన కూతురికి మద్రాసులో ఇంజనీరు ఉద్యోగం చేసే అబ్బాయితో పెళ్ళి కుదిరింది. ఆ అబ్బాయి ఒక కోరిక కోరాడు. తామంతా రైలు దిగి మేళంతో వీధి మలుపు తిరిగేటప్పటికి తనకిష్టమైన ఇంగ్లీషు ప్లేటు మోగాలన్నాడు. ప్లేటు కూడా తనే పంపించాడు. ఇది గూడూరు మైకుసెట్టు వల్ల కాదేమో, నెల్లూరు నుంచి కొత్త సెట్టు పిలిపించండని ఒక మాట కూడా చేర్చాడట. పెద్దాయన ప్లేటు పట్టుకుని అంగడికి వచ్చి ఆ సంగతంతా చెప్పాడు. అల్లుడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటేననీ, ఇందులో తేడా వస్తే తన తల కొట్టేసినట్టవుతుందనీ, ఇక ఆ వీధిలో పెళ్ళిళ్ళన్నీ నెల్లూరు సెట్టుకే పోతాయనీ దాపరికం లేకుండా చెప్పాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. మైకుసెట్టాయన నా వంక చెయ్యి చూపించి, ఇంగ్లీషు సారు మా మేడ మీదే ఉన్నారు, ఆయన్ని అడిగే వేస్తాను, తేడా రాదు అన్నాడు. పెద్దాయన నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఆ నమస్కారం ఉంచేసుకున్నాను.

ప్లేటు అట్ట మీద నలుగురు తెల్లకుర్రాళ్ళు నుదుటి మీదికి జుట్టు వదిలేసి నిలబడి ఉన్నారు. మైకుసెట్టాయన చాలాసేపు చూసి, పాపం క్షవరం చేసేవాళ్ళు దొరకలేదేమో అన్నాడు. పైన రాసింది చదివి చెప్పమన్నాడు. ఈ బృందం పాటల్లో బాగా పేరొచ్చినవన్నీ కలిపి ఒకే ప్లేటుగా వేశారని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"అన్నీ మంచియ్యేనా? మధ్యలో మామూలుది ఒక్కటన్నా లేదా సార్?"

లేదన్నాను.

"అయితే ఈళ్ళల్లో ఎవురికీ పెళ్ళి చేయించిన అనుభవం లేదు" అన్నాడు.

ప్లేటు మిషను మీద పెట్టాడు. కొత్త ప్లేటు గనక నలభై ఐదు మీద పెట్టాడు. పిన్ను వాలింది. నలుగురు మగవాళ్ళ గొంతులు ఎనిమిదో క్లాసు ఆడపిల్లల గొంతుల్లాగా వచ్చాయి. డ్రమ్ము రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు పడింది. నేను గడ్డం పైకెత్తి, కళ్ళు సగం మూసుకుని విన్నాను. నిజం చెప్పాలంటే అప్పటికి నేను ఇంగ్లీషు బ్యాండు అనేది విన్నది లేదు. నాకు తెలిసిన ఇంగ్లీషు వ్యాకరణం, వ్యాసాలు. ఇది ఇట్లాగే ఉండాలా సార్ అని ఆయన అడిగితే, ఇట్లాగే ఉంటుంది, చలిదేశం గదా, అక్కడ అన్నీ తొందరగానే చేస్తారు అన్నాను.

ప్లేటు ఆపి, మధ్యలో గుండ్రటి కాగితం మీద వేలు పెట్టి, ఇదేంటి సార్ అన్నాడు. ముప్పై మూడు అని ఉంది, పక్కన ఒకటి బై మూడు అని ఉంది. కంపెనీవాళ్ళ నెంబరు అన్నాను. అన్నీ తెలిసినవాడి తీరులో అన్నాను.

ఆయన ఊరుకోలేదు. అట్ట వెనక ప్రతి పాట పక్కనా నిమిషాలు రాసి ఉన్నాయి. మొదటి పాటకు ఎంత ఉందో చెప్పమన్నాడు. రెండు నిమిషాల నలభై సెకన్లని చదివాను. జేబులోంచి గడియారం తీసి, మళ్ళీ పిన్ను పెట్టి, పాట అయిందాకా దాని వంకే చూశాడు.

"రెండు నిమిషాలకే అయిపోయింది గదా సార్" అన్నాడు.

పాటకూ పాటకూ మధ్య ఉండే ఖాళీ కూడా కలిపి రాస్తారని చెప్పాను. ఆ అబద్ధం నాకు ఎట్లా పుట్టిందో ఇప్పటికీ అర్థం కాదు. ఆయన గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, నడుస్తోందని చూసుకుని, జేబులో వేసుకున్నాడు. మీకు తెలీకుండా ఉంటుందా అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ వారమంతా ఆయన ఆ ప్లేటుతో సాధన చేశాడు. పాటకూ పాటకూ నడుమ ఉండే నల్లటి గీతను కంటితో గుర్తుపట్టి పిన్ను ఎత్తడం, దించడం అలవాటు చేసుకున్నాడు. మేళగాళ్ళను పిలిపించి, రెండు పాటలకొకసారి పిన్ను ఎత్తుతాననీ, ఆ సందులో వాళ్ళు అందుకోవాలనీ ఒప్పందం చేసుకున్నాడు. ఎంత గొప్ప ప్లేటయినా తన వరసలోకి రావాల్సిందే. రెండో వైపు మూడో పాట ఆయనకు ఇష్టమైపోయింది. అది వచ్చినప్పుడల్లా బల్ల మీద వేళ్ళు ఆడించేవాడు. ఎదురుగా మండీలో కాయలు ఏరే ఆడవాళ్ళు కూడా మళ్ళీ వెయ్యమని కేకేసేవాళ్ళు. ఆ వారం కాయలు తొందరగా ఏరుతున్నారని మండీ గుమస్తా సంతోషపడ్డాడు. అందరం సుఖంగా ఉన్నాం.

పెళ్ళి పొద్దుటి ముహూర్తం. తెల్లవారకముందే ఆయన వీధి అంతా నడిచి వచ్చాడు. నాలుగో ఇంట్లో ముసలాయనకు జ్వరమని ఒక గొట్టం మార్కెట్టు వైపు తిప్పాడు. మగపెళ్ళివారిది మద్రాసు గనక మైకు పరీక్ష చాలాసేపు పట్టింది. నాకు ఆంప్లిఫయరు పక్కనే కుర్చీ వేయించాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళకు, సారు చూసి ఓకే చేసిన ప్లేటు అని చెప్పుకున్నాడు. నేను తల ఊపాను.

మేళం చప్పుడు దగ్గరికొచ్చింది. పెళ్ళికొడుకు వీధి మలుపు తిరిగాడు. మైకుసెట్టాయన పిన్ను దించాడు. నలుగురు తెల్లకుర్రాళ్ళు ఆడపిల్లల గొంతులతో గూడూరు వీధి అంతా నింపేశారు.

ముందు మేళం ఆగింది. తర్వాత పెళ్ళివారు ఆగారు. పెళ్ళికొడుకు చుట్టూ బిగుతు పంట్లాములు వేసుకున్న స్నేహితులు ఐదారుగురు ఉన్నారు. వాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వడం మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు నవ్వలేదు. పాపం ముఖం ఎర్రబడిపోయి నేల చూస్తూ నిలబడ్డాడు. స్నేహితుల్లో ఒకడు పందిట్లోకి పరిగెత్తుకుంటూ వచ్చి, ఇది ముప్పై మూడు మీద వెయ్యాల్సిన ప్లేటు, నలభై ఐదు మీద వేసిన తెలివిగలవాడెవడని అరిచాడు. ముప్పై మూడు అన్న మాట చెవిలో పడగానే, ప్లేటు మధ్యలో గుండ్రటి కాగితం నా కళ్ళముందు తిరిగింది.

పెద్దాయన వచ్చాడు. ఆయన మెల్లగా మాట్లాడే మనిషి, ఆ రోజు ఇంకా మెల్లగా మాట్లాడాడు.

"అడిగే యేస్తానంటివే. సారును అడిగినావా లేదా?"

పందిట్లో ఉన్నవాళ్ళంతా మా చుట్టూ చేరారు. అందులో నా స్కూలు పిల్లల తండ్రులు ఉన్నారు. నేను కుర్చీలోంచి లేచాను. లేచి నోరు తెరవాలి. తెరవలేదు. ఎంతసేపు తెరవలేదో నాకు తెలియదు, ఒక మనిషి నిజం చెప్పడానికి సరిపోయినంతసేపు మాత్రం ఉన్నాను.

మైకుసెట్టాయన నా వంక చూడనైనా చూడలేదు.

"అడిగినాను. సారు ముప్పై మూడనే చెప్పినాడు. నేనే చెవిన పెట్టలేదు" అన్నాడు.

తర్వాత వంగి, మిషను మీది ప్లాస్టరును గోటితో గీకాడు. అన్నేళ్ళ ప్లాస్టరు ఊడిరాలేదు. ఎవరో వక్కలు కత్తిరించే కత్తెర ఇస్తే దాని మొనతో పెకలించాడు. వేలు తెగింది. తెగిన వేలు చొక్కాకు తుడుచుకుని, మీట జరిపి, మళ్ళీ పిన్ను దించాడు. ఈసారి మగవాళ్ళు మగవాళ్ళలాగా పాడారు. పెళ్ళికొడుకు తలెత్తాడు. స్నేహితులు ఈలలు వేశారు, పెళ్ళివారు కదిలారు. పెద్దాయన ఎదురు వెళ్ళబోతూ, నెల్లూరు సెట్టు పిలిపించుకునుంటే ఈ తలవంపులు తప్పేవి అని పదిమందికీ వినపడేట్టు అన్నాడు. మైకుసెట్టాయన తల వంచుకుని పాట విన్నాడు. రెండు పాటలు అవగానే, ముందు అనుకున్నట్టే పిన్ను ఎత్తి మేళానికి సందు ఇచ్చాడు.

పెళ్ళి బాగానే జరిగింది. మధ్యాహ్నం భోజనాల వేళ పెళ్ళికూతురి తమ్ముడు ఒక కాగితం ముక్క తెచ్చాడు. ఇంగ్లీషులో ఉంది, పెళ్ళికొడుకు రాసింది. మైకుసెట్టాయన అలవాటు ప్రకారం దాన్ని నాకే ఇచ్చాడు. ఈసారి రెండుసార్లు చదివాను. మొదటి పాట మళ్ళీ పొద్దున వేసినట్టే వెయ్యమని ఉంది. పొద్దున ఆ పాట వినగానే లోపల పెళ్ళికూతురు తల దించుకుని ఉండలేక గట్టిగా నవ్వేసిందట. వాళ్ళ నాయనమ్మ కసిరినా ఆగలేదట. అది ఇప్పుడు పెళ్ళికొడుక్కి తెలిసిందట. మైకుసెట్టాయన విని, పెళ్ళిలో పెళ్ళికూతురు మెచ్చిందే పాట అని మీట నలభై ఐదుకు జరిపాడు. బంతిలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఆయన నా చెవిలో, అయినా ఇదే బాగుంది సార్ అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగాను. రాత్రంతా తయారుచేసుకున్న మాటలు చెప్పాను. పెద్దాయన దగ్గరికి వెళ్ళి తప్పు నాదని చెప్పేస్తానన్నాను. ఆయన వేలికి గుడ్డ కట్టుకుని ప్లేట్లు తుడుస్తున్నాడు. తుడవడం ఆపలేదు.

"వద్దు సార్. మైకుసెట్టోడు తప్పు చేసినాడంటే ఇంకో సెట్టు పిలుస్తారు, అంతే. అయివోరే తప్పు చెప్పినాడని తెలిస్తే రేపు పిల్లోళ్ళు ఎవుర్ని అడగాల?"

నేను ఇంకోసారి అడిగాను. ఆయన ఇంకోసారి వద్దన్నాడు. మూడోసారి నేను అడగలేదు. నిజం రాస్తున్నాను గనక ఇది కూడా రాయాలి. ఆయన వద్దన్నందుకు నాకు లోపల హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఈ వయసులో కూడా సిగ్గేస్తుంది.

ఆ నెలలో మార్కెట్టు వీధిలో రెండు పెళ్ళిళ్ళకు నెల్లూరు సెట్టు వచ్చింది. మైకుసెట్టాయన అంగడి ముందు కూర్చుని ఆ పాటలు విన్నాడు. వాళ్ళు ఒక్క మామూలు పాట కూడా వెయ్యడం లేదని దిగులుపడ్డాడే గానీ ఇంకో మాట అనలేదు. ఊళ్ళో కుర్రాళ్ళు ఆయనకు నలభై ఐదు అని పేరు పెట్టారు. ఆయన సైకిలు మీద పోతుంటే వెనక నుంచి పిలిచేవాళ్ళు. ఆయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపేవాడు. పేరు పెట్టుకోని మనిషికి నేను సంపాదించి పెట్టిన పేరు అది. వాళ్ళు అట్లా పిలిచినప్పుడల్లా నేను చేతిలో ఏ కాగితముంటే ఆ కాగితం చదువుతున్నట్టు నటించేవాణ్ణి.

నేను మెల్లగా అంగడి ముందు కూర్చోవడం తగ్గించాను. వెనక మెట్ల మీదుగా మేడెక్కి దిగేవాణ్ణి. నన్ను ఆయన ఇక ఏమీ అడగడని అనుకున్నాను. అడక్కపోతేనే మంచిదని కూడా అనుకున్నాను.

రెండు నెలలైందేమో. ఒక సాయంత్రం స్కూలు నుంచి వస్తుంటే అంగట్లోంచి ఆయన సార్ అని పిలిచాడు. లోపల నలుగురైదుగురు ఉన్నారు. పక్కనున్న కోట అనే ఊళ్ళో ఒక పెళ్ళికి సెట్టు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు, మండీ గుమస్తా, నా క్లాసులో చదివే ఒక పిల్లవాడి తండ్రి. బల్ల మీద ఇంకో ఎల్పీ ప్లేటు ఉంది. అట్ట మీద ఎవరో నల్లజాతి ఆయన పెద్ద బాకా పట్టుకుని ఉన్నాడు. కోటవాళ్ళ చుట్టం ఎవరో ఓడలో పనిచేస్తూ తెచ్చాడట. మైకుసెట్టాయన పిన్ను దించాడు. బాకా ఒకటి ఎటో వెళ్ళిపోతోంది, దాని వెనక పియానో ఇంకెటో వెళ్ళిపోతోంది. ఈసారి మీట ముప్పై మూడు మీదే ఉంది, అయినా అది సరిగ్గా పాడుతోందో లేదో ఎవరికీ అంతుపట్టడం లేదు.

అందరి ముందూ, ఏమీ జరగనట్టు, ఆయన అట్ట నా చేతికిచ్చాడు.

"ఇది ఇట్టనే ఉండాలా సార్? మీరు చెప్తే ఈళ్ళకు మాటిస్తాను."

కోటవాళ్ళు నా ముఖంలోకి చూశారు. పిల్లవాడి తండ్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అట్ట వెనక బోలెడంత ఇంగ్లీషు ఉంది. ఒకటి రెండు పెద్ద మాటలు ఏరుకుని ఏదో ఒకటి చెప్పెయ్యవచ్చు. మైకుసెట్టాయన మాత్రం ఎదురు చూస్తున్నాడు. నేనేం చెప్తే అదే తీసుకుని మళ్ళీ వీధిలో నిలబడటానికి సిద్ధంగా ఉన్నాడని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది.

"నాకు తెలియదన్నా" అన్నాను. అట్ట తిరిగి ఆయన చేతిలో పెట్టాను. "ఇట్లాంటిది నేనెప్పుడూ వినలేదు."

పిల్లవాడి తండ్రి కట్టుకున్న చేతులు విప్పాడు. మండీ గుమస్తా నా వంక కొత్తగా చూశాడు. మైకుసెట్టాయన ముఖం మాత్రం వెలిగిపోయింది. బల్ల మీది సామాను పక్కకు జరిపి చోటు చేశాడు.

"నేనూ వినలేదు సార్. రాండి, కూర్చోండి. ఇద్దరం విందాం."